దీర్ఘకాలపు ఆయాసము – పాటవలన కలుగు మేలు

వ్యవసాయ విషయములు బోధించు ఈ పత్రికలో పాటను గూర్చిన పాఠమెందులకని సభ్యులు కొందరు అడుగవచ్చును. మేము పైరుల పనిమీద గ్రామములు తిరుగునపుడు ప్రతి యూరను ఇట్టి రైతులు ఒకరిద్దరు కనబడుచునే యుందురు. వయస్సు 55 ఏండ్లో, 60 ఏండ్లో యుండును. చేను ఇంటికి అర కిలోమీటరు దూరమే యైనను త్రోవలో మూడు చోట్ల కూర్చుండి గాని గట్టు చేరలేరు. వీరు మొదట చేనికి పోవుట మానుదురు. పిదప సంఘ సమావేశములకు రారు. తుదకు భజనకు గాని, కీర్తనలకు గాని పదుగురిలో కూర్చుండుటయు మానుదురు. ఊపిరి చాలని వానికి పాట యెందులకని ఇంటివారే వారింతురు. పొరుగువారు సోమరియని తలంతురు.

ఈ రెండు తలంపులును సరియైనవి కావు. అతడు సోమరి కాడు, రోగి. తగిన పద్ధతిని నేర్చినచో పాట అట్టివానికి కీడు చేయదనియు, కొంత మేలు చేయుననియు పలుదేశముల వైద్యులు పరీక్షించి చూచిరి. ఆ మేలు ఎంత, ఎందువలన, ఏ జాగ్రత్తలతో అను సంగతులను హెచ్చింపక తగ్గింపక ఈ పాఠమున తెలుపుదుము.

1. ఈ రోగమెట్టిది

దీర్ఘకాలపు ఊపిరితిత్తుల రోగములు పెక్కులు గలవు. వానిలో మిక్కిలి వ్యాపించినది వైద్యులు సి.ఓ.పి.డి. అని పిలుచు రోగము. మన దేశమున 1990లో ఈ రోగులు సుమారు 2 కోట్ల 81 లక్షల మంది యనియు, 2016 నాటికి సుమారు 5 కోట్ల 53 లక్షల మంది యనియు పరిశోధకులు లెక్క గట్టిరి. ఉబ్బసము దీనికి చుట్టమే గాని ఇదియే కాదు. ఉబ్బసము వచ్చి పోవుచుండును. నడుమ దినములలో రోగి తేలికగా నుండవచ్చును. సి.ఓ.పి.డి. వచ్చిన పిదప పూర్తిగా విడిచిపోదు. ఏటేట కొంచెము కొంచెముగా ముదురును.

చుట్ట, బీడీ, సిగరెట్టు దీనికి ముఖ్య కారణములు. అయినను పొగ త్రాగని వారికిది రాదనుకొనరాదు. గాలి యాడని వంటయింటిలో కట్టెలు, పిడకలు, కందికట్టె, పత్తికట్టె మండించి ముప్పది నలువది యేండ్లు వంటచేసిన స్త్రీల ఊపిరితిత్తులు చుట్ట ముట్టకయే చెడుచున్నవి. 2016లో ఉజ్జ్వల పథకము ఆరంభమైన పిదప గ్యాసు పొయ్యిలు పెరిగినను, స్నానపు నీళ్లకును పశువుల దాణాకును కట్టెలపొయ్యి విడువని యిండ్లు ఇంకను గలవు. ఏండ్ల తరబడి నూర్పిడి దుమ్మును, ప్రత్తిమిల్లు దుమ్మును పీల్చినవారికిని, క్షయ వచ్చి కుదిరిన వారిలో కొందరికిని ఈ చిక్కు కలుగును.

రోగమున్నదో లేదో రొమ్ము చప్పుడు విని మాత్రమే తేల్చుట చాలదు. స్పైరోమెట్రీ యను ఊదు పరీక్ష చేయింపవలెను. రోగి నిండుగా గాలి పీల్చి ఒక గొట్టములోనికి బలముగా ఊదును. మొదటి సెకనులో ఎంత గాలి వెడలెనో, మొత్తమెంత వెడలెనో యంత్రము చూపును. ఇంగ్లండునందు జాన్ హచిన్‌సన్ అను వైద్యుడు 1846లో తాను కల్పించిన ఇట్టి కొలపాత్రను గూర్చి లోకమునకు తెలిపెను. నేటి యంత్రములు చేతిలో ఇముడునంత చిన్నవైనను సూత్రమొక్కటియే.

2. ఊపిరి లోపల చిక్కుకొను విధము

వాయునాళము రెండు కొమ్మలై, అవి మరల మరల చీలి, వేళ్ల కొసలవలె సన్నని గొట్టములై, చివర చిన్న గాలితిత్తులుగా ముగియును. వీనికి వాయుగోణులని పేరు. ఒక మనుష్యునియందు ఇవి 30 కోట్లకు తక్కువ గాకుండ నుండును. రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె వంగియున్న కండరపు పొరకు ఉదరవితానమని పేరు. అది క్రిందికి దిగినపుడు గాలి లోనికి వచ్చును. సడలి పైకి లేచినపుడు వెలుపలికి పోవును. ఆరోగ్యవంతుడు ఊరక కూర్చున్నపుడు ఒక్కొక్క మారు సుమారు అర లీటరు గాలిని పీల్చి విడుచును. విడుచుటకు వేరుగ శ్రమ యక్కరలేదు. సాగదీసిన రబ్బరు తనంత ముడుచుకొన్నట్లు ఊపిరితిత్తులే ముడుచుకొనును.

రోగికి ఆ ముడుచుకొను గుణము తగ్గును. సన్నని గొట్టములు వాచి, కఫముతో నిండి, ఊపిరి విడుచునపుడు మూసికొనిపోవును. రైతులకిది సులభముగ బోధపడును. నీరు పెట్టు బోదె బాగుగనే యున్నది. మురుగు బోదె పూడిపోయినది. మడిలో పాతనీరు నిలిచియుండగా క్రొత్తనీటికి తావెక్కడ? రోగికి మాత్రము గాలి లోనికి చాలుట లేదని తోచును. కావున భయపడి ఇంకను త్వరత్వరగా పీల్చును. త్వరపడిన కొలది విడుచుటకు వ్యవధి తగ్గును. పాతగాలి మరింత నిలిచిపోవును. రొమ్ము ఉబ్బియే యుండుటచే ఉదరవితానము వంపు పోయి చదునై సరిగా పనిచేయలేదు. అప్పుడతడు మెడను, భుజములను ఎగదీసి ఊపిరి లాగుకొనును. కూర్చుండియే అలసిపోవుట ఇందుచేతనే.

దీనికి తోడు మరియొక నష్టము గలదు. ఆయాసమునకు జడిసి నడక మానినచో కాళ్ల బలము తగ్గును. బలము తగ్గిన కాళ్లతో నాలుగడుగులు వేసినను ఆయాసము హెచ్చును. ఆరు నెలలు కొట్టమున కట్టివైచిన ఎద్దునకు కాడి మోపిన ఏమగునో మీరెరుగుదురు. అందుకే వైద్యులు ఈ రోగులకు మందుతోపాటు నడకను, మెలకువతో కూడిన వ్యాయామమును విధించుచున్నారు.

3. పాట చేయునదేమి

మాటలాడునపుడు మనము ఊపిరిని లెక్కచేయము. పాడునపుడు లెక్క తప్పదు. చరణము ముగియువరకు గాలి నిలువవలెను. కావున పాడువాడు త్వరగా పీల్చి, నిదానముగా, సమముగా విడుచుట నేర్చుకొనును. కంఠమునందలి స్వరతంతువులు తూము తలుపువలె గాలిని కొంచెము కొంచెముగా వదలును. రోగికి కావలసిన విద్య సరిగా ఇదియే. గాలి పీల్చుట కాదు, విడుచుట.

ఆయాసము వచ్చినపుడు పెదవులు గుండ్రముగ చేసి మెల్లగా ఊదుమని వైద్యులు రోగులకు నేర్పుదురు. అట్లు చేసినపుడు లోపల కొంత ఒత్తిడి నిలిచి, సన్నని గొట్టములు వెంటనే మూసికొనకుండును. పాటలో ‘ఊ’కారము తీయునపుడు నోరు ఆ యాకారమునే పొందును. అభ్యాసముగా చేయుమన్నచో విసుగు పుట్టు పని పాటగా నున్నపుడు విసుగులేక సాగును.

రెండవది, పాటకు కూర్చుండు తీరు. వెన్ను నిలిపి, భుజములు దించి, మెడ సడలించి కూర్చుండకున్న స్వరము పలుకదు. మూడవది, ధైర్యము. తన ఊపిరి తన చెప్పుచేతలలో కొంతవరకు నుండునని తెలిసినవాడు ఆయాసము వచ్చినపుడు బెదరిపోడు. నాలుగవది, పదుగురితో కూడియుండుట. నెలల తరబడి అరుగు దిగని మనుష్యునికి వారమున కొకనాడు తనకై నలుగురు ఎదురుచూచుచుందురని తెలియుటయే గొప్ప బలము.

పాట చేయలేనిదియు చెప్పవలెను. చెడిన వాయుగోణులు పాటవలన మరల మొలవవు. ఊదు పరీక్షలోని అంకెలు పాడినంత మాత్రమున పెరుగునని ఎవరును నమ్మరాదు. పూడిన బోదెను పాట త్రవ్వదు. ఉన్న బోదెతో నీరు తీయు నేర్పును కలిగించును.

4. పరీక్షలు తెలిపినదేమి

క్రొత్త విత్తనము మంచిదని చెప్పినంతనే మనము నమ్ముదుమా? ఒకే నేలలో, ఒకే నీటి క్రింద, ప్రక్కనే పాత విత్తనపు మడి వేసి రెంటిని పోల్చుదుము. వైద్యులును పాటను ఇట్లే పరీక్షించిరి.

బ్రెజిల్ దేశములో 2009లో ప్రకటింపబడిన పరీక్షలో 43 మంది సి.ఓ.పి.డి. రోగులను చీట్లువేసినట్లు రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టు వారమున కొకమారు పాట నేర్చెను. రెండవ జట్టు చేతిపనులు నేర్చెను. 24 తరగతుల పిమ్మట చూడగా, ఊపిరి బలముగా విడుచు శక్తి పాడిన జట్టునందు కొంచెము పెరిగెను. రెండవ జట్టునందు తగ్గెను. జీవితపు సుఖము మాత్రము రెండు జట్లలోను మెరుగుపడెను. నలుగురు కూడి ఏ పని చేసినను కొంత మేలు కలుగునని దీనివలన తెలియును.

లండను నగరమందలి రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు 2012లో ప్రకటించిన పరీక్షలో పోలిక మడిని ఇంకను జాగ్రత్తగా ఏర్పరచిరి. ఒక జట్టు వారమునకు రెండుమార్లు, 8 వారములు పాడెను. రెండవ జట్టు అన్ని మార్లే కలిసికొని సినిమా చూచి ముచ్చటించుకొనెను. సాంగత్యమువలని మేలు ఇరువురికిని సమానము గదా. అయినను తమ శరీరము ఎట్లున్నదని రోగులు చెప్పిన లెక్కలో పాడినవారే ముందుండిరి. నడక మొదలైన ఇతర కొలతలలో భేదము తేలలేదు.

డెన్మార్కు దేశపు పరీక్ష వీనికంటె పెద్దది. దాని ఫలితములు 2022లో వెలువడినవి. 270 మంది రోగులలో కొందరికి వాడుకగా చేయించు వ్యాయామమును, తక్కినవారికి దాని బదులు పాటను, 10 వారములు, వారమునకు రెండుమార్లు, గంటన్నర చొప్పున నేర్పిరి. ఆరు నిమిషములలో ఎంత దూరము నడువగలరో ముందును వెనుకను కొలిచిరి. వ్యాయామపు జట్టు సగటున సుమారు 14 మీటర్లు, పాట జట్టు సుమారు 13 మీటర్లు ఎక్కువ నడిచెను. ఇది గొప్ప పెరుగుదల కాదు. కాని పాట వ్యాయామమునకు తీసిపోలేదని తేలినది.

2017లో అంతవరకు జరిగిన మంచి పరీక్షలనన్నిటిని కోక్రేన్ సంస్థవారు కూర్చి చూచిరి. లెక్కకు నిలిచినవి మూడే. వానిలోని రోగులందరు 112 మంది. పాటవలన హాని కనబడలేదు, శరీరస్థితి కొంత మెరుగుపడినట్లున్నది, ఆయాసము తగ్గినట్లు రుజువు కాలేదు, ఇంకను పెద్ద పరీక్షలు కావలెను అని వారు తేల్చిరి. లండనులోని ఇంగ్లీషు నేషనల్ ఒపెరా వారును, ఇంపీరియల్ కాలేజి ఆసుపత్రులవారును 2020లో, కోవిడు తగ్గినను ఆయాసము విడువని వారికై జోలపాటలతో ఒక పాఠక్రమమును ఏర్పరచిరి. 150 మందితో చేసి 2022లో ప్రకటించిన పరీక్షలో ఆరు వారములు నేర్చినవారికి మనస్సు కుదుటపడుట స్పష్టముగ కనబడెను. జోలపాట మెల్లనిది, చిన్నది, అందరికిని చిన్ననాటినుండి తెలిసినది. అందుకే దానిని ఎన్నుకొనిరి. మన యిండ్లలో లాలిపాటలకు కొదువ లేదు.

5. అభ్యసించు విధానము

ఇంగ్లండులోని ఆయాసరోగుల పాటల తరగతులలో నడచు క్రమమును మన గ్రామములకు అనువగునట్లు క్రింద వ్రాయుచున్నాము. మొత్తము ఒక గంట చాలును. నడుమ నడుమ విశ్రాంతి ఉండవలెను.

మొదట, వెన్నానుకొనక కుర్చీ ముందుభాగమున, పాదములు రెండును నేలనానునట్లు కూర్చుండవలెను. భుజములను మెల్లగా ఎత్తి దించవలెను. మెడను ఇటు నటు త్రిప్పవలెను.

రెండవది, ఒక చేయి కడుపుపై నుంచుకొని, ‘స్స్’ అనుచు గాలిని మెల్లగా విడువవలెను. పూర్తిగా ఖాళీ చేయుటకై ఒత్తరాదు. నిలిపి, కడుపును సడలించినచో గాలి తనంత లోనికి వచ్చును. దానిని ఆత్రముగా లాగుకొనరాదు. నాలుగైదు మార్లు చేసి ఆగవలెను.

మూడవది, నోరు మూసికొని ‘మ్’ అని, పిదప ‘ఊ’ అని తమకు సుఖమైన శ్రుతిలో పలుకవలెను. తరువాత మృదంగపు జతులను, ‘త, ధి, తొం, నం’ అని పొడిపొడిగా పలుకవలెను. ఒక్కొక్క యక్షరమునకు కడుపు కదలుట చేతికి తెలియును.

నాలుగవది, పాట. తెలిసిన పాటయే మేలు. పాదములు పొట్టిగా నుండవలెను. ఎక్కడ ఊపిరి తీయవలెనో ముందుగానే నిర్ణయించుకొనవలెను. అందరును అక్కడనే తీయనక్కరలేదు, ఎవరికి కావలసిన చోట వారు తీయవచ్చును. ఒకరు పాడగా మిగిలినవారు వంత పాడు మన పద్ధతి ఈ రోగులకు ఎంతయు తగియున్నదని మా యభిప్రాయము. నాయకుడు పాడునంతసేపు వంతవారికి విశ్రాంతి దొరకును. నాట్ల పాటలు, భజనలు, కీర్తనలు అన్నియు ఇందులకు పనికివచ్చును. ఎవరి మతమునకు తగినవి వారు పాడుకొనవచ్చును.

మన భజనలలో రెండు వాడుకలను మాత్రము ఈ తరగతులలో విడువవలెను. రాత్రి గడచిన కొలది తాళపు వేగము హెచ్చించుచు పోవుట ఒకటి. మైకునకు పోటీగా పైశ్రుతిలో అరచుట రెండవది. రెండును ఊపిరిని కుదించునవే. ఇక్కడ మెప్పునకై పాడువారెవరును లేరు. గొంతు బాగుండుట అవసరము కాదు.

కడపట రెండు నిమిషములు మౌనముగా కూర్చుండి మెల్లగా ఊపిరి విడుచుచు ముగింపవలెను. ఇంటివద్ద దినమునకు పది నిమిషముల సాధన చేయుట మంచిది.

6. జాగ్రత్తలు

పాట మందునకు బదులు కాదు. వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును చెప్పినన్ని మార్లు, చెప్పిన తీరున వాడుచునే యుండవలెను. అలవాటు పడిపోవునను భయముతో దానిని మానుట ప్రమాదకరము. చుట్ట, బీడీ మానక పాడుట, తూటు మూయక తొట్టి నింపుట వంటిది. పాటచే ఆయాసము నిర్మూలమగునని చెప్పి సొమ్మడుగువారిని నమ్మరాదు. అందులకై అప్పు చేయరాదు.

రెండు వారములకు మించి దగ్గు విడువని వారును, కఫములో నెత్తురు పడువారును, సాయంకాలపు జ్వరము గలవారును ముందుగా కఫపరీక్ష చేయించుకొనవలెను. అది ప్రభుత్వపు ఆసుపత్రులలో ఉచితము. క్షయ గాలి ద్వారా వ్యాపించును. మందు మ్రింగి అంటు పోయినదని వైద్యుడు చెప్పువరకు అట్టివారు గుంపులో పాడరాదు. పాడునపుడు నోటినుండి తుంపరలు ఎక్కువగా వెడలును. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, స్కాజిట్ అను ప్రాంతమందు, 2020 మార్చిలో 61 మంది గాయకులు ఒక చర్చి లోపల రెండున్నర గంటలు సాధన చేసిరి. ఒకరినుండి కోవిడు వ్యాపించి మొత్తము 53 మంది జబ్బుపడిరి, ఇద్దరు మరణించిరి. కావున జలుబు, జ్వరము ఉన్ననాడు ఇంటనే యుండవలెను. గాలి యాడు పంచలో గాని, తలుపులు కిటికీలు తెరచిన గదిలో గాని ఎడముగా కూర్చుండి పాడవలెను.

పాడుచోట సాంబ్రాణి, అగరువత్తులు, కర్పూరము, దోమల చుట్ట వెలిగింపరాదు. నేల ముందుగా తడిగుడ్డతో తుడువవలెను. అప్పుడే చీపురుతో ఊడ్చి దుమ్ము రేపరాదు. నూర్పిళ్లు జరుగు దినములలో కళ్లములకు దగ్గరగ కూడరాదు. ధనుర్మాసపు తెల్లవారుజాము చలిలో వీధివెంట పాడుచు తిరుగుటయు, భోగిమంటల పొగయు ఈ రోగులకు తగవు. ఎండయెక్కిన పిదప గాని సాయంకాలము గాని కూడుట మంచిది.

పాడుచుండగా తల తిరిగినచో వెంటనే ఆపవలెను. రొమ్ములో నొప్పి, పెదవులు నీలిపడుట, కూర్చున్నను తగ్గని ఆయాసము కనబడినచో 108కు కబురు చేయవలెను. ఆయాసము మామూలుకంటె ముదిరిన దినములలో పాట మాని వైద్యుని చూడవలెను.

7. సంఘము చేయదగినది

దీనికి పెట్టుబడి లేదు. సంఘపు గిడ్డంగి ముందరి పంచ, పది కుర్చీలు, త్రాగునీరు, వారమునకు రెండు సాయంకాలములు చాలును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని ఒకమారు పిలిపించి, ఎవరెవరు పాడవచ్చునో తెలిసికొనవలెను. ఊరి భజనజట్టులో ఓపికగల వానిని నాయకునిగా నియమింపవలెను. స్త్రీలకు వేరుగ కూడుటయే అనుకూలమైనచో వేరు సాయంకాలము ఏర్పరుపవచ్చును. పొయ్యి పొగ తిన్నవారు వారే గావున వారిని మరువరాదు.

సాగు లెక్క వ్రాసినట్లే ఒక పుస్తకము వ్రాయవలెను. ఆరంభమున ఒక్కొక్కరు ఆరు నిమిషములలో ఎంత దూరము నడిచిరి, ఎన్నిమార్లు ఆగిరి, రాత్రి నిద్ర ఎట్లున్నది అని గుర్తించి, పది వారముల పిదప మరల గుర్తింపవలెను. ఫలము కొంచెమైనచో కొంచెమనియే వ్రాయవలెను. లేనిచో లేదని వ్రాయవలెను. అంకెలకు అందని ఫలమును గూడ ఒక గడిలో వ్రాయవలెను. ఇల్లు కదలని సభ్యుడు మరల సమావేశమునకు వచ్చెనా, చేనిగట్టున కూర్చుండి కొడుకునకు నీటివంతు చెప్పెనా అనునది మనకు పదిమూడు మీటర్లకంటె తక్కువ లెక్క కాదు.

సంఘములో చదివి చర్చింపదగిన ప్రశ్నలు

1. ఆయాసరోగికి చిక్కు గాలి లోనికి వచ్చుటలోనా, వెలుపలికి పోవుటలోనా? బోదెల పోలికతో వివరింపుడు.

2. లండను పరీక్షలో రెండవ జట్టునకు సినిమాలు చూపుట యెందులకు?

3. పాట చేయు మేలు రెండును, చేయలేనిది ఒకటియు చెప్పుడు.

4. మన భజనలలో ఏ వాడుకలను ఈ తరగతులలో మానవలెను? ఎందువలన?

5. మన గ్రామమున ఆయాసముచే ఇల్లు కదలని వారెందరు? వారిని ఈ వారము పలుకరింపబోవు సభ్యులెవరు?